కోసేసిన సీన్లతో ఇంకో సినిమా

‘సీను బాగానే వచ్చింది, ఎడిటింగ్‌లో పోయింది’ అనే మాట సినిమావాళ్ల నోట తరచూ వింటుంటాం. సినిమాతో సంబంధం లేని పనుల్లోనూ ఇదే జరుగుతుంటుంది. గంట కొట్టేలోపు చెప్పలేక పంతులుగారు వదిలేసిన ఉదాహరణలు, శ్రీకాళహస్తిలో కలంకారీ కళాకారుడు కాగితం మీద గీసి గుడ్డ మీదికి ఎక్కించని బొమ్మలు, మూడు నిమిషాల కామెడీ వీడియో కోసం కుర్రాళ్లు స్వర్ణముఖి ఒడ్డున పొద్దంతా తీసిన ఫుటేజ్‌లో మిగిలిపోయింది, అన్నీ ఎడిటింగ్‌లో పోయినవే. వాటిని ఏం చేయాలంటే మనకు మామూలుగా తోచేవి రెండే. పోతే పోయిందని పారేస్తాం, లేదా మనసొప్పక అసలు పనిలోనే ఎక్కడో ఒకచోట ఇరికిస్తాం. ఈ రెండింటికన్నా మేలైన దారి ఇంకొకటి ఉంది. అసలు పనిని ఏ మొహమాటమూ లేకుండా కోసి నిలబెట్టాలి. కోసినదాన్ని పేరు పెట్టి పక్కన దాచాలి. తర్వాత దానికి తనదైన దారం ఏదైనా దొరికితే, దానితో వేరే పని చేయాలి. ఈ వరుస ముఖ్యం. ముందువెనకలు మారితే మొదటిదీ చెడుతుంది, రెండోదీ పుట్టదు.

ఈ దారికి నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన ఉదాహరణ ఒక హాలీవుడ్ కామెడీ. 2004 జులై 9న అమెరికాలో ‘యాంకర్‌మ్యాన్: ది లెజెండ్ ఆఫ్ రాన్ బర్గండీ’ విడుదలైంది. విల్ ఫెరెల్, ఆడమ్ మెకే కలిసి రాశారు, మెకే దర్శకుడు, జడ్ అపటో నిర్మాత. 1970ల్లో శాన్ డియెగోలోని ఒక టీవీ స్టేషన్‌లో వార్తలు చదివే రాన్ బర్గండీ అనే డాంబికుడి కథ ఇది. తన పక్క కుర్చీలోకి వెరోనికా అనే మహిళ వచ్చి కూర్చునేసరికి అతని లోకం తలకిందులవుతుంది. మనం ఈరోజు చూసే సినిమాలో కథ జూలో పాండా ప్రసవించే వార్త దగ్గరికి చేరి ముగుస్తుంది. మొదట తీసింది మాత్రం ఇంకో కథ. అందులో ‘ది అలారం క్లాక్’ అనే ఒక ముఠా ఉంటుంది. విప్లవం పేరు చెప్పి బ్యాంకులు దోచే ముఠా అది. రాన్, అతని బృందం ఆ ముఠా వార్త వెంటపడతారు, చివరికి ముఠా వెరోనికాను ఎత్తుకుపోతుంది, రాన్ ఆమెను విడిపించడానికి వెళ్తాడు. ముఠా సభ్యులుగా మాయా రుడాల్ఫ్, కెవిన్ కారిగన్, చక్ డి నటించారు. బ్యాంకు ఉద్యోగినిగా ఏమీ పోలర్ ఉంది. వీళ్లలో ఎవరూ అనామకులు కారు.

తీసిన సినిమాను విడుదలకు ముందు ప్రేక్షకులకు చూపించి చూస్తే ముఠా కథ వాళ్లకు ఎక్కలేదు. రాన్‌కూ వెరోనికాకూ మధ్య గొడవ నడిచినంతసేపూ నవ్వినవాళ్లు, దొంగలు రాగానే కథ పక్కదారి పట్టినట్టు చూశారు. అప్పుడు మెకే బృందం ముఠా కథను మొత్తంగా తీసేసి, చివరి భాగం కొత్తగా రాసుకుని, మళ్లీ షూట్ చేసింది. అప్పటికే డబ్బు ఖర్చయింది, పేరున్న నటులు చేశారు, నవ్వించే బిట్లు అందులో చాలానే ఉన్నాయి. అయినా కోసేశారు. సుమారు 2.6 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా 9 కోట్ల డాలర్లకు దగ్గరగా వసూలు చేసింది, అమెరికన్ కామెడీల్లో జనం ఏళ్ల తరబడి డైలాగులు చెప్పుకునే సినిమాగా నిలిచింది. అదే సంవత్సరం డిసెంబరు 28న, యాంకర్‌మ్యాన్ డీవీడీతో కలిపి ఇంకో సినిమా వచ్చింది. దాని పేరు ‘వేక్ అప్, రాన్ బర్గండీ: ది లాస్ట్ మూవీ’. తీసేసిన ముఠా కథ, వాడని టేకులు, పక్కన పడేసిన సీన్లు అన్నీ ఏరి గంటన్నర నిడివితో కూర్చిన సినిమా అది.

గంటన్నర ఫుటేజ్ ఎలా మిగిలిందన్నది తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మెకే, ఫెరెల్‌ల పద్ధతిలో స్క్రిప్టులో ఉన్న డైలాగు ఒకసారి చెప్పాక నటులు అదే చోట రకరకాలుగా చెప్పి చూస్తారు. స్టీవ్ కరెల్, పాల్ రడ్, డేవిడ్ కెక్నర్ లాంటివాళ్లు ఒకే గదిలో ఉంటే ఒక్క పంచ్ ఉండాల్సిన చోట అరడజను పుడతాయి. సినిమాలో ఆ చోట పట్టేది ఒక్కటే. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ‘యాంకర్‌మ్యాన్ 2’ ఈ విషయాన్ని ఇంకా గట్టిగా చూపించింది. 2014 ఫిబ్రవరిలో అదే సినిమాను 763 కొత్త జోకులతో అని ప్రకటించి మళ్లీ థియేటర్లకు తెచ్చారు. కథ అదే, సీన్లు చాలావరకు అవే, జోకులు మాత్రం వేరేవి. ఒకే చోటికి అన్ని ప్రత్యామ్నాయాలు ఉన్నాయంటే, కోసినవన్నీ చెత్త కాబట్టి పోలేదనే కదా. ఒక కుర్చీలో ఒక్కరే కూర్చోగలరు, మిగతావాళ్లు నిలబడాల్సి వచ్చింది.

ఇక ‘లాస్ట్ మూవీ’ని ఎలా కుట్టారో చూద్దాం, ఎందుకంటే పని నేర్చుకునేవాళ్లకు అసలు సరుకు అక్కడే ఉంది. మిగిలిన సీన్లకు మిగిలిన సీన్లను తగిలించుకుంటూ పోతే అది సినిమా అవదు, ముక్కల మూట అవుతుంది. వాళ్లకు అందులో రెండు దారాలు దొరికాయి. ఒకటి, కోసేసిన ముఠా కథే. అది మొదటి సినిమాలో అడ్డం పడింది గానీ తనకంటూ ఒక మొదలు, ఒక తుది ఉన్న కథ. రెండోది, కథ చెప్పే గొంతు. షికాగోలో నిజంగా టీవీ వార్తలు చదివి పేరు తెచ్చుకున్న బిల్ కర్టిస్ మొదటి సినిమాకు వ్యాఖ్యానం చెప్పాడు, దీనికీ ఆయనే చెప్పాడు. రెండు సీన్ల మధ్య ఖాళీ ఉన్నచోట ఆ గంభీరమైన వార్తల గొంతు వచ్చి దాటిస్తుంది. గొంతు అంత గంభీరం, చూపించేది అంత వెర్రి, ఆ పొసగనితనమే నవ్వు పుట్టిస్తుంది కాబట్టి అతుకులు కూడా కామెడీలో కలిసిపోతాయి. దాచుకున్న ముక్కల మీద తిరిగి కూర్చునే ఎవరైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. వీటిని కలిపి పట్టుకునేది వీటిలోనే ఏదైనా ఉందా, లేక బయటి నుంచి ఒక గొంతు తేవాలా? రెండూ దొరక్కపోతే మూట విప్పకుండా మళ్లీ కట్టేయడమే మంచిది.

శ్రీకాళహస్తి కలంకారీలో ఈ దారం ఎలా పనిచేస్తుందో గుడ్డ మీదే కనిపిస్తుంది. రామాయణం పటం వేసేటప్పుడు నడిమధ్య పట్టాభిషేకం పెద్దగా ఉంటుంది, చుట్టూ చిన్న చిన్న గళ్లలో ఘట్టాలు వరుసగా నడుస్తాయి, వాటి వెంట ఏ ఘట్టమో చెప్పే తెలుగు అక్షరాల పట్టీలు సాగుతాయి. గడికీ గడికీ మధ్య కథలో ఎంతో జరిగిపోతుంది, ఆ దూరాన్ని దాటించేది ఆ అక్షరాలే. బిల్ కర్టిస్ గొంతు చేసిన పని కూడా అదే. ఎంత పెద్ద గుడ్డ తీసుకున్నా రామాయణం మొత్తం పట్టదు, చాలా ఘట్టాలు బయట ఉండిపోతాయి. అలా చోటు దొరకని ఒక్క ఘట్టాన్నే తీసుకుని వేరే గుడ్డ మీద విడిగా వేయవచ్చు, అప్పుడు దానికి తన నిడివి, తన ఊపిరి వస్తాయి. అదే ఘట్టాన్ని పాత పటంలో ఏదో మూల ఇరికిస్తే పట్టాభిషేకం కూడా ఇరుకైపోతుంది.

ఆ పనిలోనే కోతకు సంబంధించిన ఇంకో సంగతి ఉంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాక, కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు. చెయ్యి వంకరపోయినా, ఆకారం కుదరకపోయినా ఈ దశలో గీతను దులిపేసి మళ్లీ గీయవచ్చు. ఆ తర్వాత వెదురు కలంతో కసిమి పెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు రోజుల తరబడి పులియబెట్టగా వచ్చే ద్రవం అది. కరక్కాయ పట్టిన గుడ్డను కసిమి తాకిందంటే గీత నల్లబడి కూర్చుంటుంది, ఇక పోదు. అందుకే ఆలోచన అంతా బొగ్గు దశలో జరిగిపోవాలి. మెకే బృందం సినిమాను ముందుగా ప్రేక్షకులకు చూపించింది కూడా ఇలాంటి దశలోనే. విడుదల కసిమి లాంటిది, అంతకుముందు ఎంతైనా దులపవచ్చు. మీరు చేసే పనిలో బొగ్గు దశ ఎక్కడ ముగుస్తుందో ముందే తెలుసుకుని, ఆ గీత దాటకముందే పరాయి కళ్లకు చూపించండి. బాగుందా అని అడిగితే లాభం లేదు, మనవాళ్లందరూ బాగుందనే అంటారు. ఎక్కడ ఫోను తీశారో, ఎక్కడ కుర్చీలో కదిలారో గమనించండి.

తీసేసినదాన్ని ఏం చేయాలన్నదానికి తెలుగు సినిమాలోనూ ఈమధ్య రెండు పెద్ద జవాబులు కనిపించాయి. మన శేషాచలం అడవుల చుట్టూ, మన చిత్తూరు యాసలో నడిచే ‘పుష్ప 2’ 2024 డిసెంబరు 5న మూడు గంటల ఇరవై నిమిషాల నిడివితో వచ్చింది. 2025 జనవరి 17 నుంచి ఇంకో 20 నిమిషాలు కలిపి ‘రీలోడెడ్’ అని ఆడించారు. అంటే తీసినదాన్ని తిరిగి అదే సినిమాలో పెట్టారు. దీనికి పూర్తిగా ఎదురు దారిలో, రాజమౌళి రెండు భాగాల ‘బాహుబలి’ని ఒకే సినిమాగా కుదించి 2025 అక్టోబరు 31న ‘బాహుబలి: ది ఎపిక్’గా తెచ్చారు. రెండూ కలిపితే ఐదున్నర గంటలకు దగ్గరగా ఉండే కథను మూడు గంటల నలభై ఐదు నిమిషాలకు తెచ్చారు. అందుకోసం శివుడు, అవంతికల ప్రేమకథను చాలావరకు, జనం నోట నానిన పాటలను కూడా వదిలేశారు. అభిమానులు ఇంకా చూడాలని అడిగినప్పుడు పుష్ప దారి తప్పేమీ కాదు, ఆ సీన్ల కోసం మళ్లీ టికెట్ కొన్నవాళ్లు ఆనందంగానే కొన్నారు. కానీ అది అభిమానం ముందే సంపాదించుకున్న సినిమాకు చెల్లుతుంది. మామూలు మనిషి చేసిన మామూలు పనికి ఎవరూ అలా ఎదురుచూడరు. ఇరవై నిమిషాల ఉపన్యాసంలో వదిలేసిన పది నిమిషాలు మళ్లీ కలిపితే వినేవాడు లేచి వెళ్లిపోతాడు. బాహుబలి దారిలోని కోత నేర్చుకోదగ్గది, ఎందుకంటే చేసిన మనిషే తనకు ఇష్టమైనదాన్ని కోశాడు. ఆ కోత తర్వాత మిగిలినదాన్ని ఏం చేయాలన్నది మాత్రం అక్కడ తేలదు. అది తేల్చేది యాంకర్‌మ్యాన్ బృందం పట్టిన మూడో దారే, అందుకే ఈ అధ్యాయాన్ని దాని మీద నిలబెట్టాను.

ఈ దారిలో నడిచినవాళ్లు వేరేచోట్లా ఉన్నారు. డేవిడ్ లించ్ 1992లో తీసిన ‘ట్విన్ పీక్స్: ఫైర్ వాక్ విత్ మీ’లో కోసేసిన సీన్లను తనే కూర్చి, 2014లో ‘ది మిస్సింగ్ పీసెస్’ పేరుతో గంటన్నర నిడివిగా ఇచ్చాడు. ‘జాకాస్’ బృందం రెండో సినిమాలో పట్టని ఫీట్లతో ‘జాకాస్ 2.5’, మూడో సినిమాలో పట్టనివాటితో ‘జాకాస్ 3.5’ తీసింది. పేరులోనే రెండున్నర, మూడున్నర అని పెట్టుకుని, మేం ఇస్తున్నది పూర్తి కొత్త సినిమా కాదని ముందే చెప్పేసింది. ‘లాస్ట్ మూవీ’ కూడా తన సంగతి పేరులోనే చెప్పుకుంది, థియేటర్లో కొత్త సినిమాలా అమ్ముడుపోవాలని చూడకుండా మొదటి సినిమా పక్కన ఒదిగింది.

ఇదంతా హాలీవుడ్ వాళ్ల వ్యవహారం, వాళ్లకు డీవీడీలు అమ్మే కంపెనీలున్నాయి, ఎడిటర్లున్నారు, మనకేముంది అని ఎవరైనా అనవచ్చు. మనకు చాటువులున్నాయి. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం రాశాడు, శతకం చెప్పాడు, అవి ఆయన కట్టుకున్న పెద్ద పనులు. ఆయన పలుకులకు అంత తీపి ఎక్కడిదని రాయలు సభలో అడిగాడనీ, తెనాలి రామకృష్ణుడు ఒక కొంటె జవాబుతో పద్యం పూర్తి చేశాడనీ చెప్పుకునే ముచ్చట మాత్రం ఏ కావ్యంలోనూ ఇమడలేదు. భక్తి కావ్యంలో ఆ చిలిపితనానికి చోటెక్కడిది? కవులు అప్పటికప్పుడు చెప్పినవి, ఎగతాళికి చెప్పినవి, ఆకలేసి చెప్పినవి, కోపమొచ్చి చెప్పినవి, ఇలాంటి విడి పద్యాలు వందల ఏళ్లు నోళ్లలోనూ తాళపత్రాల అంచుల్లోనూ బతికాయి. వేటూరి ప్రభాకర శాస్త్రి వాటిని ఏరి ‘చాటుపద్య మణిమంజరి’గా కూర్చారు. తర్వాత తిరుపతిలో ఉండి అన్నమయ్య కీర్తనల మీద పనిచేసింది కూడా ఆయనే. ఆ సంకలనానికి కంపెనీ దన్ను లేదు, కెమెరా లేదు. ఓపిగ్గా ఏరడం, ఎవరిదో చెప్పి ఒక వరుసలో పెట్టడం, ఇవే దాని సాధనాలు. ఈరోజు మనం శ్రీనాథుడు ఎలాంటి మనిషో ఊహించుకుంటున్నామంటే అందులో ఆయన కావ్యాలకు ఎంత పాలుందో ఆ చాటువులకూ అంతే ఉంది. ప్రధానమైన పనిలో పట్టని నవ్వు వేరే సంపుటంలో చేరి, ప్రధానమైన పని చేసిన మనిషిని ఇంకో వైపు నుంచి చూపించింది.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. బాగుంటే మొదటే ఉంచేవాళ్లు కదా, బాగా లేదనే కదా తీశారు, అలాంటిదాన్ని జనం ముందు పెట్టడం మోసం కాదా? దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం, ఎందుకంటే చాలాసార్లు అది నిజం. అటక మీద మూటల్లో చాలా భాగం నిజంగానే పారేయాల్సిందే. అందుకే తీసేటప్పుడే ఎందుకు తీస్తున్నామో ఒక్క మాట రాసి పెట్టుకోవాలి. సీను చెడిపోయి తీశామా, ఇదే మాట ఇంకోచోట ఉందని తీశామా, మిగతా కథ పోకడకు సరిపడక తీశామా, నిడివి మించి తీశామా? చెడిపోయి తీసింది పారేయండి, మళ్లీ దాని ముఖం చూడనక్కర్లేదు. ఇంకోచోట ఉన్నదైతే ఉన్నచోటే ఉండనివ్వండి. పోకడకు సరిపడనివి, నిడివికి పట్టనివి మాత్రమే దాచాలి. యాంకర్‌మ్యాన్ ముఠా సీన్లు ఈ రెండు కారణాలతోనే పోయాయి. ఏమీ పోలర్ బ్యాంకు సీను నవ్వించలేక పోలేదు, అది ఏ కథకు చెందిందో ఆ కథే పోయింది కాబట్టి పోయింది. కారణం రాసుకోనివాడికి ఏడాది తర్వాత మూట విప్పితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అప్పుడు ఏరడం ఇష్టాయిష్టాల మీద నడుస్తుంది, ఆ ఇష్టం ఎప్పుడూ తను ఎక్కువ కష్టపడ్డదాని వైపే మొగ్గుతుంది.

ఒప్పుకోవాల్సిన ఇంకో నిజం ఉంది. ‘లాస్ట్ మూవీ’ మొదటి సినిమా అంత బాగుండదు. కథ వదులుగా ఉంటుంది, కొన్ని సీన్లు అవసరాన్ని మించి సాగుతాయి, రాన్ ఎవరో తెలియనివాడికి అందులో సగం జోకులు అందవు. 763 జోకుల రెండో సినిమా కూడా 119 నిమిషాల నుంచి 143 నిమిషాలకు పెరిగి, కామెడీకి ఉండాల్సిన చురుకు కొంత పోగొట్టుకుంది. ఇది నా వాదానికి దెబ్బ అనుకోను, దాన్ని ఇంకా కచ్చితం చేస్తుందనే అనుకుంటాను. తోడుగా వచ్చే పని మొదటిదాని బలం మీద నిలబడుతుంది, మొదటిదాన్ని ప్రేమించినవాళ్లకే పనికొస్తుంది. మెకే బృందం ఆ ముఠా కథను కోయకుండా జులైలోనే విడుదల చేసి ఉంటే, డిసెంబరులో దాని మిగులు చూడాలన్న కోరిక ఎవరికి పుట్టేది? కోసినందుకే మొదటిది నిలబడింది, మొదటిది నిలబడినందుకే కోసినదానికి విలువ వచ్చింది. దాచుకోవాలన్న ఆశతో కోతలో చెయ్యి వణికితే ఈ గొలుసు మొదటి కొక్కెం దగ్గరే తెగిపోతుంది. అందుకే కోసేటప్పుడు రెండో సినిమా ఊసే మనసులో పెట్టుకోకూడదు. ‘తర్వాత వాడుకుందాంలే’ అన్న ఊరట ఒక్కోసారి చెడ్డ కోతకు కూడా ధైర్యమిస్తుంది, అది ఇంకో ప్రమాదం.

పాతదాన్నే పట్టుకుని వేలాడితే కొత్త పని ఎప్పుడు చేస్తామని అడిగేవాళ్లకు నా జవాబు వేరు. దాచడానికీ, దాచినదాని మీద కూర్చోవడానికీ చాలా తేడా ఉంది. డిజిటల్ ఫుటేజ్ అయితే ఒక హార్డ్ డిస్క్, కాగితాలైతే ఒక అట్టపెట్టె, పైన తారీఖు, పేరు, తీసిన కారణం. దాచడానికి ఖర్చు ఇంతే. లించ్ సీన్లు 22 ఏళ్లు ఆగాయి, ఆగినంత మాత్రాన ఆయన వేరే సినిమాలు ఆగలేదు. దాచినదాని మీద పనికి కూర్చుంటే మాత్రం గడువు పెట్టుకుని కూర్చోవాలి. యాంకర్‌మ్యాన్ తోడు సినిమా అసలు సినిమా వచ్చిన ఆరు నెలల లోపే బయటికి వచ్చేసింది, జనానికి రాన్ బర్గండీ ఇంకా నోట్లో నానుతుండగానే. మీరు తరగతిలో చెప్పలేక వదిలేసిన ఉదాహరణలతో చిన్న పుస్తకం వేయాలనుకుంటే పిల్లలు ఆ పాఠం మర్చిపోకముందే వేయండి. వేయలేకపోతే పెట్టె మూసి, వచ్చే ఏడాది ఆ పాఠం మళ్లీ వచ్చేదాకా దాని వంక చూడకండి. ఈ రెంటికీ మధ్య, రోజూ కాసేపు తెరిచి చూసి నిట్టూర్చి మూసేయడం ఉంది చూడండి, మనిషి శక్తిని తినేసేది అది.

రెండోసారి కూర్చున్నప్పుడు మళ్లీ కోయాలన్న సంగతి చాలామంది మర్చిపోతారు. దాచిన ప్రతి ముక్కనూ వాడి తీరాలన్న పట్టుదల ఒకసారి పోయిన తప్పును మళ్లీ తెస్తుంది. కుర్రాళ్లు తీసిన కామెడీ ఫుటేజ్‌నే తీసుకుందాం. అసలు వీడియోలో బావా బావమరుదుల తగాదా ఉంచి, టీ అంగడి దగ్గర తీసినవన్నీ కోసేశారనుకుందాం. ఆరు నెలల తర్వాత చూస్తే టీ అంగడి సీన్లలో అన్నింటిలోనూ అంగడాయన అప్పుల పుస్తకం తీసి ఏదో ఒక లెక్క చెబుతుంటాడు. దారం అదే. ఇప్పుడు ఆ పుస్తకం లేని సీన్లు ఎంత నవ్వించినా బయటే ఉండాలి, ఉన్నవాటిలోనూ లెక్క ముదురుతున్న వరుస చూసుకోవాలి, మొదటి వీడియో చూడనివాడికి అర్థంకానివి మానేయాలి, లేదా ముందొక్క మాటతో అర్థం చేయించాలి. పైన పేరు పెట్టేటప్పుడు ఇవి పాత వీడియోలో వాడనివని చెప్పేయాలి. అలా చెబితే చూసేవాడు తగ్గించుకుని చూస్తాడని భయపడనక్కర్లేదు. కొత్తదని నమ్మించి పాతది చూపించినప్పుడు కలిగే చిరాకుకన్నా, పాతదని తెలిసి చూసినప్పుడు దొరికే చిన్న కొత్తదనం ఎక్కువ కాలం గుర్తుంటుంది.

కోతలో పోయేది సీను ఒక్కటే కాదు, దాని వెనకున్న మనిషి కూడా పోతాడు. ఈ విషయాన్ని పుస్తకాలు ఎక్కువగా పట్టించుకోవు గానీ, నా దృష్టిలో దీని బరువు తక్కువేమీ కాదు. మాయా రుడాల్ఫ్ ముఠా సభ్యురాలిగా చేసిన పని విడుదలైన యాంకర్‌మ్యాన్‌లో లేదు. ఏమీ పోలర్ బ్యాంకు కౌంటరు వెనక చేసిందీ లేదు. ‘లాస్ట్ మూవీ’ వల్ల వాళ్ల పని జనానికి కనిపించింది. పేరున్నవాళ్లకు ఇది చిన్న విషయం కావచ్చు. ఊళ్లో ఒకే ఒక్క సీనులో చేసి, బంధువులందరికీ చెప్పుకుని, తెర మీద తన ముఖం కోసం వెతుక్కునే మనిషికి చిన్న విషయం కాదు. బడి వార్షికోత్సవంలో నాటకం కుదించినప్పుడు వేషం పోయిన పిల్లాడికీ, సంస్థ నివేదికలో తన పేజీలు మాయమైన చిన్న ఉద్యోగికీ కాదు. తోడుగా ఇంకో పని చేయడానికి మీకు ఎప్పటికీ తీరిక దొరక్కపోవచ్చు, దారం దొరక్కపోవచ్చు. కానీ ఎవరి పని పోయిందో వాళ్లకు చెప్పడానికి దారం అక్కర్లేదు. సినిమా బయటికి రాకముందే, వాళ్లు నలుగురిలో కూర్చుని చూసి తెలుసుకోకముందే, ఫోను చేయాలి. ‘అన్నా, నీ సీను బాగొచ్చింది. ఆడ కథ నిలబడిపోతావుంది, అందుకని తీసినాం. ఫుటేజ్ నా దగ్గర భద్రంగా ఉంది, నీకు కావాల్నంటే పంపిస్తా. పేర్ల పట్టీలో నీ పేరు మాత్రం అట్నే ఉంచినాం.’ ఇందులో కారణం ఉంది, ఫుటేజ్ ఎక్కడుందో ఉంది, పేరు సంగతి ఉంది. క్షమాపణల చుట్టూ తిరగలేదు, రాబోయే రెండో సినిమా గురించి మాటివ్వలేదు. ఆ మాట ఇవ్వకపోవడం బాగా పట్టింపుగా పాటించాలి, ఎందుకంటే ఆ రెండో సినిమా రాదేమో, అప్పుడు అదే మనిషికి రెండోసారి ఫోను చేయాల్సి వస్తుంది.